ఇల్లు–వాకిలి: ఈ ఇంట్లోకి 2009లో నీళ్లొచ్చినాయా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కర్నూలు. పదకొండేండ్లుగా నంద్యాల చెక్‌పోస్టు దగ్గర బాడుగ ఇంట్లో ఉన్నాము. మా ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, నేను ఇంట్లోనే బట్టలు కుడతా. ఇప్పుడు హంద్రీ నదికి దగ్గర్లో ఒక ఇల్లు చూసినాము, రెండున్నర సెంట్లు, కిందా పైనా రెండు పోర్షన్లు, ఇరవై ఏండ్ల ఇల్లు, కొత్తగా రంగులేసినారు, చూడగానే నచ్చింది. 52 లక్షలు అంటా ఉన్నారు. ఇల్లు ఓనరు వాళ్ల నాయన పేరు మీద ఉంది, ఆయన పోయి నాలుగేండ్లయింది. ఓనరుకు ఇద్దరు అక్కచెల్లెండ్లు ఉన్నారు గానీ పెండ్లిండ్లయి వెళ్లిపోయినారు, వాళ్లతో పని లేదంట. బ్రోకరు ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, అప్పులు చూపించే సర్టిఫికెట్) తీసి చూపించినాడు, క్లీన్‌గా ఉంది. ఇంకో పార్టీ రెడీగా ఉంది, ఆదివారం లోపల రెండు లక్షలు అడ్వాన్స్ ఇయ్యకపోతే చెయ్యి జారిపోతుంది అంటాడు. మా ఆయనేమో బ్యాంకు లోన్ ఇచ్చిందంటే అన్నీ వాళ్లే చూసుకున్నట్టు అంటాడు. నాకు భయంగా ఉంది. ఏమేమి చూసుకోవాలక్కా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: చెల్లీ, ఆదివారం అడ్వాన్స్ ఇయ్యొద్దు. ఇంకో పార్టీ నిజంగా ఉంటే ఉండనీ. ఈ ఇల్లు పోతే ఇంకోటి దొరుకుతుంది, పదకొండేండ్లు బాడుగ కట్టుకుంటా కుట్టుమిషను మీద కూర్చొని దాచిన డబ్బు పోతే మళ్లీ దొరకదు. ఒక పదిహేను రోజులు టైము అడుగు. ఆ మాత్రం టైము కూడా ఇయ్యనంటే ఎందుకియ్యడో ఆలోచించాల్సిందే.

నీ ఉత్తరంలో నా కన్ను ముందు పడింది ఈసీ మీద కాదు, హంద్రీ అన్న మాట మీద. ఎండాకాలం పోయి చూస్తే హంద్రీలో ఇసుక, కంపచెట్లు, మురికినీళ్ల పాయ తప్ప ఏమీ కనపడదు, ఇదేం చేస్తుందిలే అనిపిస్తుంది. కానీ 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి పొంగినాయి, కింద శ్రీశైలం డ్యాము 19 లక్షల క్యూసెక్కులకు కట్టిందైతే ఆ వరదలో దానికి 25 లక్షలు దాటి వచ్చినాయి, నీళ్లు కిందికి పోయే దారి లేక వెనక్కి ఎత్తుకొని ఊరు మునిగిపోయింది. మా పిన్నమ్మ వాళ్లది పాతబస్తీలో ఇల్లు. నీళ్లు తీసినాక పోయి చూస్తే గోడ మీద స్విచ్‌బోర్డు కన్నా జానెడు పైన బురద గీత, చెక్క బీరువా ఉబ్బిపోయి తలుపు రాలేదు, గడ్డపార పెట్టి తీసినాము, లోపల ఇంటి డాక్యుమెంట్లు ఒకదానికొకటి అతుక్కొని ముద్దయి ఉన్నాయి. ఒక్కో కాగితం విడదీసి మిద్దె మీద బట్టలారేసే తీగకు క్లిప్పులు పెట్టి ఆరేసినాము, సిరా కారి వేళ్లకంతా అంటుకుంది. తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తెచ్చుకున్నారు, కాగితం మళ్లీ వచ్చింది. కానీ ఈ రోజు ఆ ఇంటికి ఎవరైనా ఈసీ తీస్తే అందులో వరద గురించి ఒక్క ముక్క ఉండదమ్మా. ఈసీ చూసి ఇల్లు క్లీన్ అనుకోవద్దు అనేది అందుకే.

నువ్వు చూసింది ఇరవై ఏండ్ల ఇల్లు అంటే ఆ వరదకు అది ఉంది. కొత్త రంగు గీతను కప్పేస్తుంది గానీ కొన్ని గుర్తులు దాగవు. ద్వారబంధాలు కిందివైపు గోరుతో గుచ్చి చూడు, మెత్తగా ఉందా, కింద జానెడు కొత్త చెక్క అతికించినారా. గోడ కింద భాగంలో రంగు పొక్కి తెల్లగా ఉప్పు పూసినట్టు ఉందా. వంటింట్లో, బాత్రూంలో టైల్స్ ఎవరైనా వేస్తారు, హాల్లోనూ బెడ్‌రూముల్లోనూ రొమ్ము ఎత్తు దాకా గోడకు టైల్స్ వేసినారంటే ఎందుకు వేసినారో అడుగు. కరెంటు మీటరు చుట్టుపక్కల ఇండ్లకన్నా బాగా పైన పెట్టినారా చూడు. ఆ తర్వాత వీధిలో పాత కొట్టాయన్నో, ఇస్త్రీ బండాయన్నో, అరుగు మీద కూర్చున్న పెద్దమ్మనో అడుగు, 2009లో నీళ్లు యాడిదాకా వచ్చినాయమ్మా అని. అడుగులు, అంగుళాలు ఎవరూ చెప్పరు, చెయ్యి పెట్టి చూపిస్తారు, మోకాలు, నడుము, గొంతు. ముగ్గుర్ని అడిగితే ముగ్గురి చెయ్యీ ఒకే ఎత్తులో ఆగితే అది నిజం. నీళ్లొచ్చిన ప్రతి ఇల్లూ పనికిరానిది అనను, సగం ఊరు అట్లాంటిదే. కానీ నడుము దాటి వచ్చినాయని తెలిస్తే నేనైతే ఆ ఇంటికి 52 లక్షలు పెట్టను, ధర బాగా తగ్గి, పై పోర్షన్లో మేముండేటట్టయితేనే ఆలోచిస్తా. వంక గట్టుకు ఇంత దూరంలో కట్టడం చెయ్యకూడదని రూల్స్ ఉన్నాయి కాబట్టి ఓనరు దగ్గర ప్లాన్ అప్రూవల్ కాపీ తీసుకొని కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో చూపించు, కింద ఫ్లోరుకే పర్మిషన్ ఉండి పైది ఊరికే కట్టినారేమో అదీ తెలుస్తుంది.

రోడ్డు ఎత్తు ఇంకోటి, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. పాత సందుల్లో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసి వేసి ఇండ్లు కిందికి పోయినాయి, గడప దిగి లోపలికి పోవాల్సిన ఇండ్లు ఎన్ని లేవు? గేటు ముందర ఒక బకెట్ నీళ్లు పోసి చూడు, కాలవవైపు పోతాయా లోపలికి వస్తాయా. ఒక్క బకెట్‌తో తేలిపోతుంది.

నువ్వు ఇల్లు చూసింది పగలు, బ్రోకరు స్కూటరు మీద. ఈసారి బ్రోకరు లేకుండా మీ ఇద్దరే నడుచుకుంటా పోండి. పొద్దున్నే కొళాయి వచ్చే టైముకు ఒకసారి, బిందెలతో లైను ఉందా, మోటార్లు పెట్టి గుంజుతా ఉన్నారా, ఎన్నిరోజులకోసారి వదులుతారో అక్కడున్న ఆడవాళ్లనే అడుగు, వాళ్లకన్నా బాగా ఎవరికీ తెలీదు. రాత్రి పది గంటలకు ఒకసారి, పక్కన ఫంక్షన్ హాలు ఉంటే పెండ్లి ముహూర్తాల రోజే పో. వాన పడిన మర్నాడు తప్పకుండా ఒకసారి. సందు వెడల్పు చూడు, అంబులెన్సు, సెప్టిక్ ట్యాంకు లారీ గుమ్మం దాకా వస్తాయా అని. కింద పోర్షన్లో బాడుగకు ఎవరైనా ఉంటే ఓనరు లేనప్పుడు పలకరించు. ఎండాకాలం ట్యాంకర్ కొంటారా, మిద్దె ఉరుస్తుందా, ఇంతకు ముందు ఎవరైనా అడ్వాన్స్ ఇచ్చి వెనక్కి పోయినారా, ఇవన్నీ వాళ్లే చెప్తారు. ఖాళీ ఎప్పుడు చేస్తారో కూడా వాళ్ల నోటితోనే వినాలి, ఓనరు నోటితో కాదు.

ఇంక కాగితాలు. అక్కచెల్లెండ్లతో పని లేదు అన్నది పచ్చి తప్పు. హిందూ కుటుంబమై ఉండి, నాయన సొంత సంపాదన ఆస్తికి వీలునామా రాయకుండా పోయి ఉంటే 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమాన వాటా. పెండ్లయిందా లేదా అన్నదానితో సంబంధమే లేదు. పిత్రార్జితమైనా 2005 సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమానంగా హక్కుంది. కాబట్టి ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెప్పించు, అందులో ఉన్న ప్రతి ఒక్కరూ సేల్ డీడ్‌లో అమ్మేవాళ్లుగా సంతకం పెట్టాలి, వాళ్లమ్మ ఉంటే ఆమె కూడా. వీలునామా ఉంది అంటే చూపించమను. అక్కచెల్లెండ్లతో నువ్వే ఒకసారి ఫోన్లో మాట్లాడు, సంతోషంగా అమ్ముతున్నారా కాదా అనేది గొంతులోనే తెలిసిపోతుంది.

బ్రోకరు తీసిన ఈసీ పక్కన పెట్టి నువ్వు మళ్లీ తీయించు. ఏ డోర్ నంబరు మీద తీసినాడో, ఎన్నేండ్లకు తీసినాడో చూడు. పాత డోర్ నంబరు, కొత్త డోర్ నంబరు, సర్వే నంబరు, పాత డాక్యుమెంట్ నంబరు, అన్నిటిమీదా వెతికిస్తేనే అది ఈసీ, ఒక్క నంబరుతో తీస్తే అప్పున్న ఇల్లు కూడా క్లీన్‌గా రావచ్చు. 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది, అంతకు ముందుది రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాలు తిప్పాలి. రిజిస్ట్రేషన్ వాళ్ల వెబ్‌సైట్లోనే 22ఏ నిషేధిత ఆస్తుల లిస్టు కూడా చూడు, వక్ఫ్, దేవాదాయ, ప్రభుత్వ భూములు అందులో ఉంటాయి. ఈసీలో కనపడనివి ఇంకా ఉన్నాయి, రిజిస్టర్ చెయ్యకుండా బ్యాంకులో కాగితాలు పెట్టి తెచ్చిన అప్పు, కోర్టులో నడిచే కేసు. అందుకే జిరాక్సులు కాదు, ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకు ముందు చేతులు మారిన పాత దస్తావేజులు) చేత్తో పట్టుకొని చూడాలి, కోర్టు కేసులు చూపించే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్లో ఓనరు పేరు, వాళ్ల నాయన పేరు కొట్టి చూడాలి.

బ్యాంకు లాయరు బ్యాంకు డబ్బు సేఫా కాదా అని చూస్తాడు, మీ ఆయనకు ఈ మాట చెప్పు. సొంతంగా ఒక సివిల్ లాయరుకు ఫీజు ఇచ్చి రాతపూర్వకంగా ఒపీనియన్ తీసుకోండి. అన్నీ బాగున్నాయి అనుకున్నాకే అడ్వాన్స్, అదీ చెక్కుతో, అగ్రిమెంటులో లోన్ రాకపోయినా టైటిల్‌లో తేడా వచ్చినా డబ్బు వాపసు అని రాయించి. రిజిస్ట్రేషన్ ఖర్చు మన రాష్ట్రంలో మొత్తం ఏడున్నర శాతం, 52 లక్షల మీద 3 లక్షల 90 వేలు, అది లోన్‌లో రాదు. 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం, అంటే 52 వేలు, ఓనరుకిచ్చే డబ్బులో టీడీఎస్ కింద కోసి ఇన్‌కంట్యాక్స్‌కు కట్టాల్సింది కూడా మీరే.

ప్రశ్న: కల్లూరు దగ్గర వెంచర్‌లో ప్లాటు చూసినానక్కా. బ్రోచర్‌లో ‘ప్రపోజ్డ్ అప్రూవల్’ అని ఉంది, తర్వాత వస్తుందంటున్నారు. రిజిస్ట్రేషన్ వద్దు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిస్తాము, ఖర్చు మిగులుతుంది అంటున్నారు. కొనొచ్చా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు తమ్ముడూ. ప్రపోజ్డ్ అంటే ఇంకా రాలేదని. వచ్చి ఉంటే ఎల్‌పీ (లేఅవుట్ పర్మిషన్) నంబరు ఉంటుంది, ఆ నంబరు తీసుకొని కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ, అంటే కుడా ఆఫీసులో అడిగితే అప్రూవ్ అయిన ప్లాను చూపిస్తారు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి, అదీ ఆన్‌లైన్లో కనపడుతుంది. ప్లాను చేతికొచ్చినాక నీ ప్లాటు పార్కు స్థలంలో పడిందేమో చూడు, డెవలప్‌మెంట్ పూర్తయ్యేదాకా అథారిటీకి తనఖా పెట్టిన ప్లాట్లలో ఉందేమో చూడు, ఆ ప్లాట్లు విడుదల కాకుండా కొనకూడదు. ఆ భూమి మొదట డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి అయితే ఇంకా ప్రమాదం, అట్లాంటి భూమి అమ్మకాల మీద 1977 నుంచి చట్టముంది. జీపీఏ సంగతైతే 2011లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, జీపీఏతో యాజమాన్యం రాదు. రాసిచ్చినాయన చనిపోతే మామూలుగా ఆ కాగితం కూడా ఆయనతోనే పోతుంది. ఖర్చు మిగలడం కాదు, ప్లాటే మిగలదు.

ప్రశ్న: రిటైరయి అనంతపురంలో చిన్న ఇల్లు కొంటున్నాము. బోరులో నీళ్లు పుష్కలంగా ఉన్నాయి, తేటగా ఉన్నాయి. ఇంకేమైనా చూడాలా?
— ఒక పెద్దాయన, అనంతపురం

జవాబు: అన్నా, బోరు ఎన్ని అడుగులో, ఏప్రిల్, మే నెలల్లో కూడా పోస్తుందో పక్కింటి వాళ్లను అడగండి. తేటగా ఉండటం చాలదు, మీ జిల్లాలో ఫ్లోరైడ్ సమస్య ఎప్పటినుంచో ఉంది, అది కంటికి కనపడదు, నాలుకకు తెలీదు, కాచినా పోదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. అంతకన్నా ఉంటే తాగడానికి ఆర్వో నీళ్లో కొళాయి నీళ్లో చూసుకోవాలి, మనవళ్లు వస్తా పోతా ఉంటారు కాబట్టి ఇంకా ముఖ్యం, పండ్లు ముందు దెబ్బతినేది పిల్లలకే. మోటారు పది నిమిషాలు వదిలేసి, తర్వాత వచ్చే నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్లో నిండుగా పట్టి, బాటిల్ మీద చోటు, తేదీ రాసి ల్యాబులో ఇయ్యండి.