నారాకు రోజంతా పెట్టుకో

చిట్టితల్లీ,

జపాన్‌లో అమ్మానాన్నలను ఒసాకా నుంచి నారా ఊరికి తీసుకెళ్తానన్నావు. జింకలతో ఫొటోలు, పెద్ద బుద్ధుడు, మధ్యాహ్నానికి వెనక్కి. ఇదీ నీ ప్లాన్. మూడేళ్లు మీ అన్నయ్య దగ్గర అక్కడ ఉన్నదాన్ని కనుక చెబుతున్నా, రోజంతా పెట్టుకో.

కింతెత్సు అనే ప్రైవేటు కంపెనీ రైలెక్కు. ఆ స్టేషన్ నుంచి కొఫుకుజీ గుడి ఐదు నిమిషాల నడక, జేఆర్ (జపాన్ రైల్వేస్) స్టేషన్ దూరం. మీ అమ్మ మోకాళ్ల సంగతి తెలుసుగా. అక్కడి ఐదంతస్తుల పగోడాను మరమ్మతుల కోసం కప్పేశారు. దిగులుపడకుండా నేరుగా కొకుహోకాన్ అనే మ్యూజియంలోకి వెళ్లండి.

అందులో అసురుడున్నాడు. వాళ్లు ఆషురా అంటారు. మూడు ముఖాలు, ఆరు చేతులు. అసురుడంటే మనకు కోరలు, గద గుర్తొస్తాయి. ఇతనేమో కనుబొమలు ముడిచి, చేతులు జోడించి, ఏడుపు ఆపుకుంటున్న పిల్లాడిలా ఉంటాడు. 734లో కోమ్యో మహారాణి తన తల్లి సంవత్సరీకానికి కట్టించిన మందిరం కోసం చేసిన బొమ్మ. మట్టి బొమ్మ మీద చెట్టు జిగురులో తడిపిన నారగుడ్డలు పొరలుగా అంటించి, ఆరాక లోపలి మట్టి తీసేశారు. లోపలంతా బోలు, చాలా తేలిక. గుడి తగలబడినప్పుడు ఎత్తుకుని బయటపడగలిగారంటే అందుకేనంటారు. పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు కూడా చదువు. కరురా అంటే మన గరుడుడే, కెందత్సుబా గంధర్వుడు. ఫొటోలు తీయనివ్వరు. మంచిదే, కళ్లతో చూస్తారు.

తర్వాత పెద్ద బుద్ధుడుండే తోదైజీ గుడి. మశూచి దేశాన్ని ఊడ్చేసిన కొన్నేళ్లకు, 743లో షోము చక్రవర్తి తలపెట్టిన బుద్ధుడు. 752లో విగ్రహానికి కళ్లు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆయన పట్టిన కుంచెకు పొడవాటి దారాలు కట్టి, వచ్చినవాళ్లంతా వాటిని పట్టుకున్నారు, ఆ పుణ్యంలో తమకూ పాలు దక్కాలని. ఆ కుంచె, దారం షోసోయిన్ ఖజానాలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. మీ నాన్నకు ఇది విగ్రహం ముందు నిలబెట్టి చెప్పు. గుడి రెండుసార్లు కాలింది, ఇప్పటిది 1709 నాటిది, పాతదానికన్నా వెడల్పు తక్కువ. అయినా గుమ్మంలో అడుగుపెట్టగానే మాట పడిపోతుంది.

బయట ఒక చెక్క విగ్రహం ఉంటుంది, బుద్ధుడి శిష్యుడు పిండోల భరద్వాజుడిది. మనకు నొప్పి ఉన్నచోట ఆయన్ను తాకాలి. నేను మోకాలు తాకి వచ్చాను. తగ్గలేదనుకో, మీ అమ్మను మాత్రం తాకమను.

జింకలకు అక్కడ అమ్మే బిస్కెట్లు తప్ప ఇంకేం పెట్టకు. చూపించి ఊరించకు, కుమ్ముతాయి. నా చేతిలోని మ్యాప్ సగం నమిలేసింది ఒకటి.

తిండి విషయంలో జాగ్రత్త. మాంసం లేదంటారు గానీ ఉదోన్ అనే నూడుల్స్ పులుసు చేపల రసంతోనే కాస్తారు. పులిహోర కట్టుకెళ్లు, జింకలు లేని చోటు చూసుకుని తినండి.

హోర్యూజీ గుడిని అదేరోజు ఇరికించకు. ప్రపంచంలో నిలిచివున్న అతి పాత చెక్క కట్టడాలు అక్కడివి, దానికి వేరే రోజు కావాలి.

సాయంత్రం నిగత్సుదో మందిరానికి ఎక్కండి. తోదైజీ వెనక కొండమీదే. టికెట్ లేదు, తలుపులు వేయరు. వరండాలో కూర్చుంటే ఊరంతా కనిపిస్తుంది, బుద్ధుడి గుడి కప్పు మీదుగా పొద్దు దిగుతుంది. మెట్లు ఎక్కువే, మీ అమ్మను తొందరపెట్టకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ