విసారణై: తెలుగు తెలిసినందుకు ఇబ్బంది పడ్డ సినిమా

"నిజంగా జరిగిన నేరం ఆధారంగా తీసిన సినిమాల్లో మిమ్మల్ని బాగా కుదిపేసింది ఏది? దాన్ని మళ్ళీ చూడగలరా?" అని అడిగారు.

నాకైతే విసారణై. వెట్రిమారన్ తీసిన తమిళ సినిమా. 2015లో వెనిస్ చిత్రోత్సవంలో వేశారు, మన దగ్గర థియేటర్లకి 2016 ఫిబ్రవరిలో వచ్చింది. మళ్ళీ చూశాను, కానీ ఒక్క బిగిన చూడలేకపోయాను. రెండోసారి మూడు రాత్రులు పట్టింది.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. గుంటూరులో పొట్టకూటి కోసం పనిచేసుకుంటూ, అద్దె కట్టే స్తోమత లేక పార్కులో పడుకునే నలుగురు తమిళ కుర్రాళ్ళు. ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంట్లో దొంగతనం జరుగుతుంది. పైనుంచి ఒత్తిడి. ఎవరో ఒకర్ని చూపించి కేసు మూసెయ్యాలి. అడిగే దిక్కు లేనివాళ్ళు వీళ్ళే కాబట్టి వీళ్ళని పట్టుకొస్తారు. ఏం ఒప్పుకోవాలో కూడా తెలీకుండానే దెబ్బలు మొదలవుతాయి. వాళ్ళలో ఒకడైన పాండిగా దినేష్ చేశాడు. మన అజయ్ ఘోష్ తెలుగు ఇన్‌స్పెక్టర్.

ఇది ఊహించి రాసుకున్న కథ కాదు. కోయంబత్తూరులో ఆటో నడుపుకునే ఎం. చంద్రకుమార్ 1980లలో కుర్రాడిగా గుంటూరు వచ్చి, చేయని దొంగతనానికి పోలీసుల చేతికి చిక్కి, లాకప్పులో దెబ్బలు తిని, జైల్లోనూ ఉన్నాడు. తర్వాత ఎప్పటికో ఆ రోజుల్ని 'లాకప్' అనే పుస్తకంగా రాశాడు. సినిమా మొదటి సగానికి ఆధారం అదే.

క్రైమ్ సినిమా అంటే దొంగెవరో, హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రం చివరిదాకా లాక్కెళ్తుంది కదా. ఇక్కడ అది లేదు. ఆ ఇంట్లో నిజంగా దొంగతనం చేసిందెవరు అన్న ప్రశ్న ఎవరికీ పట్టదు. పోలీసులకి పట్టదు, కాసేపటికి చూసే మనకీ పట్టదు. నేరం స్టేషన్ గోడల మధ్యే, మన కళ్ళముందే జరుగుతుంటుంది.

నన్ను కుదిపేసింది మాత్రం రక్తం కాదు, భాష. తమిళ ప్రేక్షకుడికి ఆ తెలుగు అర్థంకాని గోల. వాడు పాండి పక్కన నిలబడి, ఏం జరుగుతోందో తెలీక భయపడతాడు. మనకి అలా కాదు. పోలీసు నోట్లోంచి మాట రాగానే అర్థమైపోతుంది. పాండికి తెలిసేలోపే మనకి తెలిసిపోతుంది, ఇప్పుడు కొడతారని. నేను తమిళం మాటలకి కింద సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూశాను. పోలీసులు మాట్లాడుతున్నప్పుడు మాత్రం చదవాల్సిన పని లేకపోయింది. ఆ యాస వింటుంటే మా వీధి చివర టీ కొట్టు దగ్గర మాట్లాడుకునేవాళ్ళు గుర్తొచ్చారు. దెబ్బలు తినేవాడి బాధ నాకు కింద అక్షరాల్లో అందుతోంది, కొట్టేవాడి మాట నేరుగా చెవిలో పడుతోంది. ఎటువైపు కూర్చున్నానో తెలీక చాలా ఇబ్బంది పడ్డాను. అందుకే, అందరూ తెలుగే మాట్లాడే డబ్బింగ్‌లో చూస్తే మాత్రం సినిమా సగం పోయినట్టే.

"అయినా ఒప్పుకుంటే పోయేదేముంది, కోర్టులో కాదనొచ్చు కదా" అని నాతోపాటు చూసిన ఫ్రెండు అన్నాడు. చట్టం కూడా ఆ మాటే అంటుంది మరి. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్లోనే ఉంది. కానీ పక్కనే 27 ఉంది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మేరకు మాట చెల్లుతుంది. రికవరీ చూపించడానికి అంత తాపత్రయం అందుకే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ సరుకు అదే. అరెస్టయినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది. అరెస్టు మెమో రాయాలి, బంధువుకో స్నేహితుడికో కబురు పెట్టాలి, వైద్య పరీక్ష చేయించాలి అని సుప్రీంకోర్టు డీకే బసు కేసులో 1996లో చెప్పింది. ఇందులో తిరకాసు ఒక్కటే. అరెస్టు చేసినట్టు కాగితం మీద రాస్తేనే గడియారం తిరగడం మొదలవుతుంది. "ఊరికే మాట్లాడి పంపిస్తాం" అని తీసుకెళ్ళినవాడికి గంటలు లెక్కపెట్టేదెవరు?

రెండో సగం చెన్నైకి మారుతుంది. రాజకీయం, ఆడిటర్, పోలీసుల మధ్య లెక్కలు. ఇది చంద్రకుమార్ పుస్తకంలో లేదు, వెట్రిమారన్ కలిపిందే. బిగువుగా ఉంటుంది, తమిళ పోలీసుగా చేసిన సముద్రఖనికి ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆయన బాగా చేశాడు, కాదనను. నాకు మాత్రం అక్కడినుంచి సినిమా చూస్తున్నానన్న స్పృహ వచ్చేసింది. మొదటి గంటలో అది లేదు.

రెండోసారి చూసినప్పుడు నేను ఆపేసింది కొట్టే సీన్ల దగ్గర కాదు, కోర్టు సీను దగ్గర. జడ్జికి తమిళం రాదు, కుర్రాళ్ళకి తెలుగు రాదు. వేరే పనిమీద అక్కడికొచ్చిన తమిళ పోలీసు, అంటే సముద్రఖని, వాళ్ళు చెప్పింది జడ్జికి అర్థమయ్యేలా చెప్తాడు. వాళ్ళు బయటపడతారు. మధ్యలో మాట చేరవేసేవాడు ఒకడు దొరికితే చాలన్నమాట, నాలుగు ప్రాణాలకి.

అక్కడ ఆపెయ్యడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట, ఉద్యోగం వెతుక్కుంటూ హాస్టల్లో ఉన్న రోజులు. ఓనరు గదిలో డబ్బు పోయింది. వంటలో సాయం చేసే ఒడిశా కుర్రాడి మీద అనుమానం పెట్టి స్టేషన్‌కి తీసుకెళ్ళారు. వాడికి తెలుగు అంతంతమాత్రం. నాకు కాస్త హిందీ వచ్చని ఓనరు నన్నూ బండెక్కించుకున్నాడు.

బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఓనరు, వెనక నేను. వాడు నేలమీద కూర్చున్నాడు, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద బోర్లించి. గోళ్ళ సందుల్లో పసుపు. పొద్దున్నే కూరలో వేసిన పసుపు, ఇంకా పోలేదు. కానిస్టేబుల్ అడుగుతున్నాడు, నేను హిందీలో చెప్తున్నాను. "దాచిన చోటు చెప్తే వదిలేస్తామంటున్నారు" అని చెప్పాను. ఆ ముందరి బూతు వదిలేశాను. వాడికి మేలు చేశాననుకున్నాను. రెండు చెంపదెబ్బలు పడ్డాయి. వాటికి నా హిందీ అక్కర్లేకపోయింది.

అప్పుడు వాడొక మాట చెప్పాడు. ఆ సాయంత్రం ఓనరుగారి తమ్ముడు కూడా ఆ గదిలోకి వెళ్ళడం చూశానని. గబగబా, నా మొహంలోకే చూస్తూ చెప్పాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు కానిస్టేబుల్.

ఓనరు భుజం నాకు జానెడు దూరంలో ఉంది. నేను అతనికి రెండు నెలల అద్దె బాకీ.

"తనేం తీయలేదంటున్నాడు సార్" అన్నాను.

సాయంత్రానికి వదిలేశారు, కేసేమీ రాయలేదు. ఆ వారమే వాడు ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎవరు తీశారో నాకు ఇప్పటికీ తెలీదు. తమ్ముడే తీశాడని కూడా అనను. కానీ ఆ మాట బల్ల అవతలికి చేరాల్సింది.

తిరిగొచ్చేటప్పుడు నేనూ వాడూ నడిచే వచ్చాం. సగం దూరం వచ్చాక వాడు ఆగి, "భయ్యా, నేను చెప్పిందంతా వాళ్ళకి చెప్పావు కదా?" అన్నాడు.

చెప్పాననే అన్నాను.