చల్లని ట్రైటన్ డిటర్జెంటులో కణపొర మొత్తం ఎందుకు కరగదు?

పొరలో కొవ్వు అణువులు ఎంత ఒత్తుగా సర్దుకున్నాయన్నదే అసలు సంగతి. అసంతృప్త కొవ్వు ఆమ్లాల తోకలు ద్విబంధం దగ్గర వంగి ఉంటాయి, ఒకదానికొకటి ఆనుకోలేవు. ఆ సందుల్లోకి ట్రైటన్ ఎక్స్-100 అణువులు దూరతాయి. తగినన్ని చేరాక పొర విడిపోయి కొవ్వు, డిటర్జెంటు కలిసిన చిన్న చిన్న ఉండలు (మిసెల్స్) అవుతుంది. పొరలోని మరో రకం కొవ్వు స్ఫింగోమైలిన్. దాని తోకలు చాలావరకు నిటారు, పైగా మధ్యలో కొలెస్ట్రాల్ ఇరుక్కుంటుంది. పండగ రోజు పల్లెవెలుగు బస్సే అనుకోండి, కొత్తగా ఎక్కేవాళ్లకి చోటుండదు. అందుకే 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ భాగం కరగకుండా మిగులుతుంది. 37 డిగ్రీల దగ్గర అదీ చాలావరకు కరుగుతుంది. కాబట్టి మిగిలిన ముక్కలే బతికున్న కణంలోని లిపిడ్ రాఫ్టులని, అంటే పొరలో ఒత్తుగా గుమిగూడిన కొవ్వు గుంపులని, తేల్చేయడం తొందరపాటు. చల్లదనం, డిటర్జెంటు కలిసి కొత్త గుంపులను పుట్టించగలవు.

డిజిటోనిన్ అనే మరో డిటర్జెంటు దారి వేరు. అది కొలెస్ట్రాల్‌నే పట్టుకుంటుంది, కనుక కొద్ది మోతాదులో ముందు చిల్లులు పడేది కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే ప్లాస్మా పొరకే (కణం బయటి పొర).