బెల్ కర్వ్‌కి లొంగని తోకలు

ప్రశ్న: సార్, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతున్నా. ప్రాజెక్టుకి షేర్ల రోజువారీ రిటర్న్స్ (ధర మారిన శాతం) తీసుకుని నార్మల్ డిస్ట్రిబ్యూషన్, అదే గంట ఆకారపు బెల్ కర్వ్, ఫిట్ చేశా, చివర్లలో, అంటే తోకల్లో, కొన్ని పాయింట్లు అస్సలు కుదరట్లేదు. ఫ్రెండ్స్ ఔట్‌లయర్స్ (మిగతా డేటాకి దూరంగా పడ్డ పాయింట్లు) అని తీసేయమంటున్నారు, తీసేయనా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: దయచేసి తీసేయకండి, అసలు కథంతా వాటిలోనే ఉంది! 1987 అక్టోబర్ 19న అమెరికాలో డౌ జోన్స్ ఒక్క రోజులో 508 పాయింట్లు, అంటే 22.6 శాతం పడిపోయింది, మామూలుగా రోజుకి ఒక శాతం అటూ ఇటూ ఊగే సూచీ అది, నార్మల్ లెక్కలో అలాంటి రోజు రానే రాకూడదు కానీ వచ్చిందిగా. గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్ అయితే 1963లోనే పత్తి ధరల మీద ఇదే మాట చెప్పాడు.

మీరే చేసి చూడండి. సగటు కన్నా 5 సిగ్మాలు (స్టాండర్డ్ డీవియేషన్లు) కిందకి పడే రోజు నార్మల్‌లో దాదాపు 35 లక్షల రోజులకి ఒకటి, ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులు వేసుకుంటే 14 వేల ఏళ్లు. అదే తోకలు మందంగా ఉండే స్టూడెంట్ టీ డిస్ట్రిబ్యూషన్‌కి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఇది తగ్గేకొద్దీ తోకలు మందమవుతాయి) 3 పెట్టి, వేరియన్స్ (స్టాండర్డ్ డీవియేషన్ వర్గం) నార్మల్‌తో సమానం చేస్తే సుమారు 620 రోజులకి ఒకటి, అంటే రెండున్నరేళ్లు! తోకల్లోని ఈ తేడా హిస్టోగ్రామ్‌లో సరిగ్గా కనపడదు, అందుకే అది చూసి మోసపోతాం, క్యూక్యూ ప్లాట్ (డేటా క్వాంటైల్స్‌ని నార్మల్ క్వాంటైల్స్‌తో పోల్చే గ్రాఫ్) వేయండి.

ఒక్క జాగ్రత్త అండీ, డిగ్రీస్ 2 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే వేరియన్స్‌కి పరిమిత విలువ ఉండదు, 1 అయితే అది కోషీ డిస్ట్రిబ్యూషన్, దానికి సగటే ఉండదు, ఇంక స్టాండర్డ్ డీవియేషన్ రిపోర్ట్ చేసి లాభం లేదు, మీడియన్ (మధ్య విలువ), క్వాంటైల్స్ (డేటాలో ఇంత శాతం ఏ విలువకి కింద ఉందో చెప్పేవి) ఇవ్వండి.