ఇంజన్‌తోనే వేగం తగ్గించుకుని దిగొచ్చు కదా, హీట్ షీల్డ్ ఎందుకు?

అంతరిక్ష నౌక కక్ష్యలో ఉండగానే ఇంజన్ వెలిగించి వేగం మొత్తం తగ్గించుకుంటే, దిగేటప్పుడు వేడి నుంచి కాపాడే కవచం, అంటే హీట్ షీల్డ్, అవసరమే ఉండదు కదా అని అడిగారు. అలా చేయకూడదని ఏ భౌతిక సూత్రమూ చెప్పదు. ఇంధనం లెక్క దగ్గరే కథ ఆగిపోతుంది.

భూమికి దగ్గరి కక్ష్యలో వేగం సెకనుకు సుమారు 7.8 కి.మీ. హైడ్రజీన్ జాతి ఇంధనం, నైట్రోజన్ టెట్రాక్సైడ్ వాడే ఇంజన్లలో ఎగ్జాస్ట్ వేగం, అంటే వెనక్కి చిమ్మే వాయువుల వేగం, సెకనుకు 3.1 కి.మీ. దాకా వస్తుంది. వేగం ఇంత మారాలంటే ఎంత ఇంధనం కావాలో చెప్పే రాకెట్ సమీకరణంలో ఈ రెండూ వేసి చూడండి: కిందికి చేరే ప్రతి కిలోకీ 11 కిలోల పైనే ప్రొపెల్లెంట్ (ఇంధనం, దాన్ని మండించే ఆక్సిడైజర్ కలిపి) కావాలి. ట్యాంకుల బరువు ఇంకా కలపలేదు. ఆ బరువంతా ముందు నేల మీంచి పైకి మోయాలి. ఇంతా చేస్తే, 400 కి.మీ. ఎత్తు నుంచి పడుతూ నౌక మళ్లీ సెకనుకు 2 కి.మీ. పైన వేగం అందుకుంటుంది.

అదే గాలిని బ్రేకుగా వాడుకుంటే, ఇంజన్‌తో వేగాన్ని సెకనుకు 100 మీటర్ల మేర తగ్గిస్తే సరిపోతుంది. 5 టన్నుల నౌకకు 160 కిలోల ప్రొపెల్లెంట్‌తో పని అయిపోతుంది.

అలా గాలిలోకి దూసుకొచ్చేటప్పుడు వేడి ప్రధానంగా రాపిడి వల్ల కాదు, ముందున్న గాలి ఒక్కసారిగా నొక్కుకుపోవడం వల్ల పుడుతుంది. నౌక ముందుభాగం మొద్దుగా ఉంటే షాక్ తరంగం (గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయే పలుచని హద్దు) కాస్త దూరంగా నిలబడి, వేడిలో ఎక్కువ భాగం పక్కల నుంచి పోయే గాలితోనే వెళ్లిపోతుంది. 1950ల మొదట్లో అమెరికాలోని ఏమ్స్ ప్రయోగశాలలో ఇంజనీరు జూలియన్ అలెన్ తేల్చిన సంగతి ఇది. ముందుభాగం వంపు వ్యాసార్థం నాలుగింతలు చేస్తే అక్కడి ఉష్ణ ప్రవాహం సగానికి పడిపోతుంది.

చాలామంది పొరబడేది ప్రవేశ కోణం, అంటే నౌక వాతావరణంలోకి ఎంత ఏటవాలుగా దిగుతుందనే దాని దగ్గర. ఏటవాలు తగ్గిస్తే గరిష్ఠ వేడి తగ్గుతుంది, నిజమే. కానీ ప్రయాణం సాగి, షీల్డ్‌లోకి ఇంకే మొత్తం వేడి పెరుగుతుంది. ఏ పదార్థం వాడాలో గరిష్ఠ వేడి చెబుతుంది, ఎంత మందం కావాలో మొత్తం వేడి చెబుతుంది. రెండూ విడివిడిగా లెక్కించాలి.

2022లో చంద్రుడి దాకా వెళ్లొచ్చిన నాసా నౌక ఒరాయన్ షీల్డ్‌లో, పైభాగం కాలి ఏర్పడే బొగ్గు పొర ముక్కలుగా ఊడింది. ఆ నౌక వాతావరణంలోకి ఒకసారి దిగి, కాస్త పైకి లేచి, మళ్లీ దిగింది. మధ్యలో వేడి తగ్గినప్పుడు పైన బొగ్గు పొర ఏర్పడడం నెమ్మదించింది, లోపల మాత్రం వాయువులు పుడుతూనే ఉన్నాయి. బయటికి దారిలేక ఒత్తిడి పెరిగి షీల్డ్ పదార్థమైన అవ్‌కోట్ పగిలింది. తర్వాతి ప్రయాణానికి షీల్డ్ అదే ఉంచి, ప్రవేశ మార్గం మార్చాలని నాసా 2024 డిసెంబరులో ప్రకటించింది.