గోడ అవతలి చెత్త, గోడ మీది గద్ద

విమానాలను పక్షులు, జంతువులు ఢీకొనే ప్రమాదం గురించి, దాన్ని నివారించడానికి విమానాశ్రయాల్లో జరిగే పని గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా తీసుకున్నాము.

ప్రశ్న: కిలో బరువైనా తూగని గద్ద అంత పెద్ద విమానాన్ని ఎలా దెబ్బతీయగలదు? ఇంజన్ ముందు గట్టి ఇనుప వల బిగిస్తే ఈ బాధ తప్పదా?
— ఒక ఉపాధ్యాయుడు, తిరుపతి

జవాబు: ఇక్కడ చూడవలసింది పక్షి బరువు కన్నా విమానం వేగం. నేల విడిచే సమయంలో జెట్ విమానం గంటకు సుమారు 270 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 75 మీటర్ల చొప్పున సాగుతుంది. 800 గ్రాముల బరువు, 60 సెంటీమీటర్ల పొడవు ఉన్న గద్ద ఎదురుపడితే, ఆ తాకిడి మొత్తం సెకనులో వెయ్యింట ఎనిమిది వంతుల కాలంలో ముగిసిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో పడే సగటు బలాన్ని లెక్కకడితే సుమారు 7,500 న్యూటన్లు వస్తుంది. ముప్పాతిక టన్ను బరువును ఒక్కసారిగా మోపినట్లన్నమాట. వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. మీ విద్యార్థులకు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చు. ఎనిమిది, తొమ్మిది తరగతుల గణితం దీనికి సరిపోతుంది.

ఇంజన్‌లో జరిగేది ఇంతకంటే జటిలం. ముందుభాగంలో మహావేగంతో తిరిగే ఫ్యాన్ రెక్కల్లో ఒకటి వంగినా, దాని ముక్క విరిగి లోపలికి పోయినా, వెనుక గాలిని నొక్కి పంపే కంప్రెసర్‌లో గాలి ప్రవాహం చెదిరి, మంటలు బయటికి చిమ్మే అవకాశం ఉంది. 2022 జూన్ 19న పట్నా నుంచి 185 మంది ప్రయాణికులతో ఢిల్లీకి బయలుదేరిన విమానం ఎడమ ఇంజన్‌ను పక్షి ఢీకొన్నప్పుడు ఇలాగే మంటలు కనిపించాయి. పైలట్లు ఆ ఇంజన్‌ను ఆపివేసి, రెండవ దానితో తిరిగివచ్చి అందరినీ క్షేమంగా దించారు. ఒక ఇంజన్‌తో ఎగిరి దిగగలిగేటట్లే విమానాన్ని రూపొందిస్తారు కనుక, ఒంటరి పక్షి వల్ల ప్రాణనష్టం జరగడం అరుదు. అసలు భయం గుంపులతోనే, ఎందుకంటే అవి రెండు ఇంజన్లనూ ఒకేసారి దెబ్బతీయగలవు.

వల సంగతి చాలామంది అడిగారు. ఆ వేగంలో పక్షిని ఆపగలిగేంత దళసరి వల బిగిస్తే ఇంజన్‌కు కావలసిన గాలి సక్రమంగా అందదు. మేఘాల్లో ప్రయాణించేటప్పుడు వల మీద మంచు పేరుకుని దారి మూసుకుపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, తాకిడికి వలే తెగితే ఆ ఇనుప ముక్కలు ఇంజన్‌లోకి వెళ్లి పక్షి కంటే ఎక్కువ హాని చేస్తాయి. అందుకే తయారీదారులు వల బిగించే బదులు ఇంజన్‌నే దెబ్బకు ఓర్చుకునేటట్లు తయారుచేసి, ధ్రువీకరణ పరీక్షల్లో దానిలోకి పక్షులను వేగంగా ప్రయోగించి చూస్తారు. మధ్యరకం పక్షుల గుంపు లోపలికి పోయినా ఇంజన్ ఇంకా కొంతసేపు తగినంత శక్తితో నడవాలి. పెద్ద పక్షి పడితే నడవకపోయినా ఫరవాలేదు గాని, పేలిపోకుండా, అదుపు తప్పిన మంట లేకుండా ఆగిపోవాలి. ఈ పరీక్షలకు ఒక హద్దు ఉంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో 155 మందితో హడ్సన్ నది మీద దిగిన విమానం ఇంజన్లలో పడిన కెనడా బాతులు, ఆ ఇంజన్లను పరీక్షించిన పక్షుల కంటే బరువైనవి.

ప్రశ్న: మాది శంషాబాద్ దగ్గర చికెన్ దుకాణం. విమానాశ్రయానికి దగ్గరగా ఉన్నామని, వ్యర్థాలు బయట వేస్తే కేసు పెడతామని అధికారులు హెచ్చరించారు. విమానాశ్రయం గోడ మాకు చాలా దూరం. ఇది న్యాయమేనా?
— ఒక పాఠకుడు, రంగారెడ్డి జిల్లా

జవాబు: మీ ఆవేదన అర్థమవుతోంది, అయినా నియమం వెనుక ఉన్న కారణం చాలా బలమైనది కనుక కొంచెం వివరంగా చెబుతాము. 1937 నాటి విమాన నియమావళిలోని 91వ నియమం ప్రకారం, విమానాశ్రయ కేంద్ర బిందువు నుంచి 10 కిలోమీటర్ల వ్యాసార్ధంలో జంతువులను వధించడం, చర్మం ఒలవడం, పక్షులను ఆకర్షించే చెత్తను, హోటళ్ల, మాంసం దుకాణాల, చేపల దుకాణాల వ్యర్థాలను పారవేయడం నిషిద్ధం. ఉల్లంఘనకు జైలుశిక్ష కూడా ఉంది.

పది కిలోమీటర్ల దూరం ఎందుకంటారా? దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో కిందికి వస్తుంది. శంషాబాద్ రన్‌వే నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్నది కనుక, కేంద్ర బిందువు నుంచి రన్‌వే దిశలో 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న చోటు రన్‌వే చివరికి దాదాపు 8 కిలోమీటర్లే అవుతుంది. అక్కడ విమానం ఎత్తు సుమారు 420 మీటర్లు. పొద్దెక్కి నేల వేడెక్కాక పైకి లేచే గాలి ఆసరాతో, రెక్క కదపకుండా గద్దలు చక్కర్లు కొట్టే ఎత్తు కూడా ఇంచుమించు అదే. పక్షుల తాకిళ్లలో అత్యధికం నేలకు 3,000 అడుగుల లోపే జరుగుతాయి. కాబట్టి రోడ్డు పక్కన, చెరువు గట్టున ఎవరో రాత్రిపూట గుమ్మరించిపోయిన కోడి పేగుల సంచి, మరుసటి ఉదయం గోడ దాటకుండానే విమానం దారిలోకి గద్దల గుంపును తెస్తుంది. లోపల ఎంత మంది సిబ్బంది కాపలా ఉన్నా ఆ గుంపును వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు.

ఇదే నియమంలో మీకు పనికివచ్చే భాగం ఒకటుంది, దాన్ని ఎవరూ మీకు చెప్పినట్లు లేదు. వ్యర్థాలు పక్షులకు అందకుండా తగిన ఏర్పాట్లు చేసుకున్నారని పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ సంతృప్తి చెందితే, మాంసం, చేపల దుకాణాలకు లిఖితపూర్వక అనుమతి ఇవ్వవచ్చు. మూతపెట్టిన డబ్బాలు, తలుపు మూసిన గదిలో కోత, ఆ రోజు వ్యర్థాన్ని ఆ రోజే మూసిన వాహనంలో తరలించడం — అడిగేవి ఇవే. ఒక్కొక్క దుకాణదారుడు విడిగా ఇవన్నీ చేసుకోవడం భారమే. మునిసిపాలిటీ వ్యర్థాల సేకరణకు వాహనం నడపకుండా నోటీసులు మాత్రమే పంపితే చెత్త మాయం కాదు, చీకట్లో మరొక చోటికి మారుతుంది. ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ప్రతి రాష్ట్రంలోనూ విమానాశ్రయ పరిసరాల కమిటీ ఉండవలసిన కారణం ఇదే: ఈ పని విమానాశ్రయానిది ఒక్కదానిదే కాదు. మీ ప్రాంత దుకాణదారులంతా కలిసి సేకరణ వాహనం కోసం మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి, దాని నకలు విమానాశ్రయ భద్రతా విభాగానికి పంపండి. వాళ్లు మీ పక్షానే మాట్లాడతారని నమ్మవచ్చు, ఎందుకంటే అది వాళ్ల అవసరం కూడా.

ప్రశ్న: లోపల బాణసంచా పేల్చి పక్షులను తరుముతారని విన్నాను. కాల్చివేయడం సులభం కదా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మన దేశంలో పక్షుల్లో అత్యధికం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. చట్టాన్ని పక్కన పెట్టినా, మేత, నీరు, గూటికి చోటు ఉన్నంత కాలం చంపిన పక్షి స్థానంలోకి మరొకటి వస్తూనే ఉంటుంది. బాణసంచా, గ్యాస్ ఫిరంగులు, ఆపదలో ఉన్న పక్షి అరుపుల రికార్డులు, లేజర్ కిరణాలు అన్నీ కొంతవరకే పనిచేస్తాయి. ఒకే శబ్దం ఒకే చోట ఒకే వేళకు వినిపిస్తే దాని వల్ల హాని లేదని పక్షులు త్వరగానే గ్రహిస్తాయి. కాబట్టి నేర్పున్న సిబ్బంది చోటు, సమయం, పద్ధతి మారుస్తూ ఉంటారు.

మా దృష్టిలో అంతకంటే విలువైన పని గడ్డితో, నీటితో చేసేది. బ్రిటన్‌లో గడ్డిని 15 నుంచి 20 సెంటీమీటర్లు పెరగనిస్తారు. ఆ ఎత్తులో పొంచి ఉన్న శత్రువు కనబడదు కనుక అక్కడి పక్షులు దిగడానికి జంకుతాయి. ఆ పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేము. వానాకాలంలో మన గడ్డి కొద్ది వారాల్లోనే ఏపుగా పెరిగి గింజ వేస్తుంది, మిడతలు, కప్పలు, ఎలుకలు చేరతాయి, వాటి కోసం గద్దలు, గుడ్లగూబలు వస్తాయి. అలాగని నున్నగా కోస్తే తీతువు పిట్టకు అనువవుతుంది, ఎందుకంటే అది గులకరాళ్ల బయలు నేల మీదే గుడ్లు పెడుతుంది. కోత యంత్రం వెనుకే పురుగుల కోసం తెల్లకొంగలు నడుస్తాయి. అందువల్ల ఏ పక్షి బెడద ఉందో తెలుసుకుని గడ్డి ఎత్తు నిర్ణయించాలి, కోతను విమానాలు తక్కువగా తిరిగే వేళకు పెట్టుకోవాలి. తొలకరి వానకు ఉసుళ్లు లేచిన రోజున గద్దలు, పిచ్చుకలు, ఏట్రింతలు ఒకేసారి గుమిగూడతాయి. ఆ సాయంత్రం గస్తీ రెట్టింపు చేయని విమానాశ్రయం తన వాతావరణాన్ని తాను గమనించడం లేదనే అనుకోవాలి. నిలిచిన నీటిని కాలువల ద్వారా తీసివేయడం, అలంకారానికి మర్రి, రావి, నేరేడు వంటి పండ్ల చెట్లు నాటకపోవడం కూడా ఇందులో భాగమే.

మీ ఊరి విమానాశ్రయం సంగతి మరీ ప్రత్యేకం. నౌకాదళం ఆధీనంలోని ఐఎన్‌ఎస్ డేగా మైదానం పక్కనే మేఘాద్రిగెడ్డ జలాశయం ఉంది. జలాశయాన్ని ఎవరూ తొలగించరు, తొలగించకూడదు కూడా. అటువంటి చోట నీటి పక్షులు ఏ వేళకు మేతకు వెళ్లి ఏ వేళకు తిరిగివస్తాయో ఏడాది పొడవునా నమోదుచేసి, ఆ వేళల్లో పైలట్లను హెచ్చరించడమే సరైన మార్గం.

ప్రశ్న: ఢీకొన్నది ఏ పక్షో ఎలా తెలుస్తుంది? తెలిసి ఏం ప్రయోజనం?
— ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: 1960 అక్టోబరు 4న బోస్టన్‌లో నేల విడిచిన విమానం ఇంజన్లలోకి పక్షుల గుంపు దూరి, అది సముద్రపు పాయలో కూలి 62 మంది చనిపోయారు. శిథిలాల్లో దొరికిన ఈకల ముక్కలను స్మిత్సోనియన్ మ్యూజియంలో రాక్సీ లేబోర్న్ పరిశీలించి, అవి స్టార్లింగ్‌లని తేల్చారు. మన గోరువంకల కుటుంబానికి చెందిన చిన్న పక్షి అది. ఈక మొదట్లో ఉండే మెత్తని నూగును సూక్ష్మదర్శినిలో చూసి జాతిని గుర్తించే విద్యను ఆమె అక్కడే ఒక శాస్త్రంగా నిలబెట్టారు. ఈనాడు నెత్తుటి మరక ఒక్కటి దొరికినా డీఎన్ఏతో జాతిని తెలుసుకోవచ్చు.

ప్రయోజనం ఏమిటో హడ్సన్ ఘటనే చెబుతుంది. ఆ ఈకల్లోని హైడ్రోజన్ ఐసోటోపులను (బరువులో తేడా ఉన్న హైడ్రోజన్ రూపాలు, వీటి పాళ్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి) పరీక్షించినప్పుడు, ఆ బాతులు న్యూయార్క్‌లో కాపురముండేవి కావని, కెనడా ఈశాన్య తీరంలోని లాబ్రడార్ నుంచి వలస వచ్చినవని తేలింది. ఊళ్లోని బాతులను ఎంత తగ్గించినా ఆ రోజు ప్రమాదం తప్పేది కాదు. వలస కాలంలో రాడార్‌తో ఆకాశాన్ని గమనించడం వంటి వేరే మందు కావాలి. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని ముఆన్‌లో 179 మంది మరణించిన ప్రమాదంలోనూ, రెండు ఇంజన్లలో బైకాల్ టీల్ అనే వలస బాతు ఈకలు, రక్తం దొరికాయని తొలి నివేదిక తెలిపింది. అయితే రన్‌వే దాటాక విమానం గుద్దుకున్న కాంక్రీటు కట్టను మరిచి, అంతటికీ పక్షులే కారణమనడం తొందరపాటు.

మన దగ్గర లోపం ఎక్కడంటే, నష్టం జరగని తాకిడిని నమోదు చేయకుండా తుడిచివేసే అలవాటులో. రన్‌వే మీద దొరికిన ప్రతి కళేబరాన్నీ, రెక్క మీది ప్రతి మరకనూ తేదీ, వేళ, చోటు రాసి భద్రపరిస్తేనే ఆ విమానాశ్రయానికి తన శత్రువెవరో తెలుస్తుంది.

ప్రశ్న: పక్షులే కాక కుక్కలు, నక్కలు కూడా ప్రమాదమేనా?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రమాదమే. సంఖ్యలో తక్కువైనా, నక్క గాని అడవిపంది గాని ముందుచక్రాన్ని తాకితే నష్టం తీవ్రంగా ఉంటుంది. ఇక్కడ పరిష్కారం సూటిగా ఉంది: గోడ కింద వానకు కోసుకుపోయిన సందులను, మురుగు కాలువల మూతులను వారానికోసారి నడిచి చూడడం, జాలీలు బిగించడం. మీ ఇల్లు గోడ పక్కనే ఉండి అటువంటి సందు కనబడితే విమానాశ్రయ కార్యాలయానికి ఫోన్ చేసి చెప్పండి. సందు ఏ స్తంభం దగ్గర ఉందో గుర్తు చెబితే సిబ్బంది వెతుక్కోనవసరం లేకుండా ఆ పూటే మూయగలుగుతారు.