ఆట మానేశాక ఫైట్లలోకి: మాస్టారి జవాబులు

(డిఫెండర్‌గా ఆడి, ఆట మానేశాక ఫిట్‌నెస్ ట్రైనర్‌గా, ఫైటర్‌గా పనిచేసి, ఇప్పుడు ఫైట్ మాస్టర్‌గా ఉన్న మా కాలమిస్టు ఈసారి ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఉత్తరాలకు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మాస్టారూ, నాకు 31 ఏళ్లు. ప్రొఫెషనల్ వింగర్‌ని (మైదానం అంచు వెంట ఆడే ఫార్వర్డ్‌ని). మోకాలికి ఏసీఎల్ (కీలును పట్టి ఉంచే లిగమెంటు) ఆపరేషన్ అయ్యాక క్లబ్బు కాంట్రాక్టు పొడిగించలేదు. "పరిగెత్తగలవు, ఎగరగలవు, దెబ్బలు తట్టుకోగలవు, సినిమా ఫైట్లలోకి వెళ్లు" అంటున్నారు స్నేహితులు. నేను పనికొస్తానా?

పనికొస్తారు. అయితే మీ స్నేహితులు చెప్పిన కారణాలకు కాదు. దెబ్బలు తట్టుకునేవాళ్లు మాకు అక్కర్లేదు. దెబ్బ తగలకుండా తగిలినట్టు చూపించేవాళ్లు కావాలి.

ఆటగాడి దగ్గర మాకు నచ్చేది వేరే ఉంది. మైదానంలో ఇరవై మంది అటూ ఇటూ పరిగెడుతుంటే, తల తిప్పకుండానే ఎవడు ఎక్కడున్నాడో మీకు తెలుస్తుంది. ఎనిమిది మంది ఒకేసారి కర్రలు తిప్పే ఫైటులో ఆ చూపు ఉన్నవాడు బంగారం. రెండోది, చేసిందే మళ్లీ మళ్లీ అదే కొలతతో చేయగలగడం. వింగర్‌గా ఒకే చోటి నుంచి గోల్ ముందుకు ఎన్ని వందల క్రాసులు వేసి ఉంటారు! మా దగ్గరా అంతే. నేల మీద టేపు అంటించిన చోటే పడాలి, పదో టేకులోనూ అక్కడే పడాలి.

ఇక మానుకోవాల్సింది, నిజంగా కొట్టే అలవాటు. సినిమా గుద్దు మొహానికి దూరంగానే పోతుంది. కెమెరా ఉన్న కోణం వల్ల తగిలినట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మించేది కొట్టినవాడు కాదు, సరైన క్షణంలో తల తిప్పినవాడు. నా దగ్గరికి వచ్చిన ఒక స్ట్రైకర్ రిహార్సల్‌లో ఊపు ఆపుకోలేక ఎదుటివాడి దవడ మీద నిజంగానే ఒకటిచ్చాడు. సారీ చెప్పాడు, వాడూ నవ్వేశాడు. కానీ ఆ తర్వాత చాలా రోజులు అతనికి జోడీగా నిలబడటానికి ఎవరూ ముందుకు రాలేదు. ఈ పనిలో మార్కెట్ పోవడమంటే అదే.

నొప్పి దాచుకోవడం కూడా ఆటలో వచ్చే జబ్బే. తుది జట్టులో చోటు పోతుందని చీలమండ నొప్పి మింగేసి ఆడతాం. రోప్ పనిలో, అంటే తాళ్లకు వేలాడి చేసే ఫైట్లలో, అలా కుదరదు. మీ భుజం పట్టేసిందని పొద్దున్నే చెబితే మాస్టర్ షాట్ మారుస్తాడు. చెప్పకపోతే, ఆ భుజాన్ని నమ్ముకుని మీ మీదుగా ఎగిరే మనిషి కిందపడతాడు.

మోకాలి విషయానికొస్తే, ఆపరేషన్ అయ్యాక కనీసం 9 నెలలు గెంతులొద్దు. ఆ తర్వాత కూడా క్యాలెండర్ చూసి కాదు, కాలిని చూసి మొదలుపెట్టాలి. ఒంటికాలి మీద గెంతు దూరంలో, తొడ బలంలో ఆ కాలు రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉందని ఫిజియో కొలిచి చెప్పాలి. ఈలోగా జూడో క్లాసులో చేరండి. గడ్డం ఛాతీకి ఆనించి, శ్వాస వదులుతూ, ఒక భుజం మీంచి ఎదుటి తుంటి వైపు దొర్లడం అక్కడ నేర్పుతారు. ఆ దొర్లడం కూడా మోకాలు ఒప్పుకుంటుందని ఫిజియో అన్నాకే. పడేటప్పుడు అరచెయ్యి నేలకు ఆనించే అలవాటుంటే మణికట్టు విరుగుతుంది, ముందు అది పోవాలి. మెడ, పైవీపు, పిడికిలి పట్టు కూడా పెంచండి. ఫుట్‌బాల్ వాళ్ల కాళ్లు చూసి చేతులు చూస్తే ఇద్దరు వేర్వేరు మనుషుల్లా ఉంటారు.

ప్రశ్న: నేను 17 ఏళ్ల గోల్‌కీపర్‌ని. స్టంట్లకు ఫార్వర్డులే బాగా పనికొస్తారని మా జట్టులో ఒకటే వాదన. మీరేమంటారు?

నీ వైపే తమ్ముడూ. పదకొండు మందిలో పడటం పద్ధతిగా నేర్చుకున్నది ఒక్క కీపరే. డైవ్ చేసినప్పుడు పిక్క, తొడ, తుంటి, పక్క, భుజం ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి. దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్లంతా పంచుకుంటుంది. మేము కొత్తవాళ్లకు నేర్పే మొదటి పాఠం ఇదే.

ఫార్వర్డుల్నీ తీసిపారేయకు. పెనాల్టీ బాక్సులో గాలి తగిలినా చేతులు పైకెత్తి పడిపోయి, కాలు పట్టుకుని దొర్లుతూ ఓరకంట రిఫరీని చూసేవాళ్లున్నారే, రియాక్షన్ ఇవ్వడంలో వాళ్లకు సాటి లేరు. వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి) వచ్చి మైదానంలో ఆ కళకు గిరాకీ తగ్గించింది గానీ, మా దగ్గర ఇంకా ఉంది. నువ్వు మాత్రం ముందు చదువు పూర్తి చెయ్.

ప్రశ్న: సెంటర్ బ్యాక్‌గా (గోల్ ముందు కాపుండే డిఫెండర్‌గా) ఆడి ఈమధ్యే మానేశాను. ఆటలో రెండుసార్లు తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అయ్యింది. ఇప్పుడు ట్రైనర్‌ని. ఎత్తు మీంచి దూకే పని ఒకటి వచ్చింది. కింద ఎయిర్ బ్యాగ్ ఉంటుంది కాబట్టి భయం లేదంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవద్దు. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

10 మీటర్ల ఎత్తు నుంచి పడితే కిందకు వచ్చేసరికి వేగం గంటకు సుమారు 50 కిలోమీటర్లు. ఎయిర్ బ్యాగ్ ఆ వేగాన్ని తగ్గించదు, ఆగడానికి దూరం ఇస్తుంది, అంతే. 2 మీటర్లలో ఆగితే ఒంటి మీద సగటున భూమ్యాకర్షణకు 5 రెట్ల భారం పడుతుంది. గట్టి నేల మీద 10 సెంటీమీటర్లలో ఆగితే అదే 100 రెట్లు. అందుకే బ్యాగు, అది లేనిచోట పేర్చిన ఖాళీ అట్టపెట్టెలు ప్రాణం కాపాడతాయి. వీపు మీద, వెడల్పుగా పడితేనే సుమా.

కానీ బ్యాగు కాపాడేది ఎముకల్ని. శరీరం ఆగిన క్షణంలో తల ఇంకా వెనక్కి ఊగుతుంది, కపాలంలో మెదడూ ఊగుతుంది. తల ఎక్కడా తగలకపోయినా కంకషన్ రావచ్చు. ఇదివరకే రెండుసార్లు అయినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. పైగా మీరు సెంటర్ బ్యాక్, బంతిని తలతో కొట్టే హెడ్డింగ్ లెక్క వేరే ఉంది. 2019లో గ్లాస్గో పరిశోధకులు స్కాట్లండ్ మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లు 7,676 మంది రికార్డులను మామూలు జనంతో పోల్చి చూశారు. డిమెన్షియా లాంటి నరాల క్షీణత జబ్బులతో చనిపోవడం ఆటగాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ. గుండెజబ్బు మరణాలు మాత్రం వాళ్లలోనే తక్కువ, అది వేరే సంగతి. మీకేదో అయిపోతుందని టెన్షన్ పెట్టడానికి కాదు ఇదంతా. ఇప్పటికే ఖర్చయిన ఖాతాలోంచి మళ్లీ తీయొద్దని చెప్పడానికి.

న్యూరాలజిస్టుకు పాత దెబ్బల సంగతి మొత్తం చెప్పి పరీక్ష చేయించుకోండి. స్టంట్ యూనిట్లో పడే పని ఒక్కటే లేదు. నటులను ఫైటుకు సిద్ధం చేయాలి, రిహార్సల్ నడపాలి, మ్యాట్లు, రోపులు సరిచూడాలి. ట్రైనర్‌గా మీరు వీటికి సగం తయారయ్యే ఉన్నారు.

ప్రశ్న: ఫుట్‌బాల్ నుంచి సినిమాలకు వెళ్లి నిలబడినవాళ్లు నిజంగా ఉన్నారా, లేక అదృష్టం కథలేనా?

ఉన్నారు. 1988లో వింబుల్డన్ జట్టుతో ఎఫ్ఏ కప్ గెలిచిన మిడ్‌ఫీల్డర్ విన్నీ జోన్స్ పదేళ్ల తర్వాత తొలి సినిమాతోనే పేరు తెచ్చుకున్నాడు. మైదానంలో రౌడీ అనిపించుకున్న మొహమే తెర మీద పెట్టుబడి అయ్యింది. ఫ్రాన్స్ స్ట్రైకర్ ఎరిక్ కాంటోనా 30 ఏళ్లకే బూట్లు విప్పి నటనకు వెళ్లాడు. అమెరికన్ ఫుట్‌బాల్ వేరే ఆట అయినా, అక్కడ ఈ దారి బాగా నలిగింది: జిమ్ బ్రౌన్, కార్ల్ వెదర్స్, టెర్రీ క్రూస్.

అయితే వీళ్లంతా మొహం కనిపించే నటులు. మన ఫైటర్ల, డూపుల మొహం కనిపించకపోవడమే ఉద్యోగం. గుర్తింపు మాత్రం నెమ్మదిగా వస్తోంది. అమెరికా టీవీ రంగానికిచ్చే ఎమ్మీ అవార్డుల్లో స్టంట్ విభాగం 2002 నుంచే ఉంది. ఆస్కార్ వాళ్లు మాత్రం 2025లో గానీ నోరు విప్పలేదు. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి స్టంట్ డిజైన్‌కు అవార్డు ఇస్తామన్నారు.

ప్రశ్న: మాస్టారూ, మా ఆయన ఆట మానేసి కొన్ని నెలలైంది. పొదుపు చేసిందంతా పెట్టి జిమ్ తెరుస్తానంటున్నారు. "ఇన్నేళ్లు జిమ్‌లోనే ఉన్నాను, నాకు తెలియనిదేముంది" అంటారు. ఏం చెప్పమంటారు?

ఆయనకు తెలిసింది తన ఒళ్లు అమ్మా. అది ఎవరో కోచ్ రాసిచ్చిన షెడ్యూల్‌తో నడిచిన ఒళ్లు. జిమ్‌కు వచ్చేది రోజంతా కూర్చుని నడుము పట్టేసినవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, కాన్పయిన కొన్ని నెలల తల్లులు. వాళ్లకు ప్రీ సీజన్ పరుగులు పెట్టిస్తే మూడో రోజు రారు. ఎవరికి ఎంత బరువు, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పంపాలి అనేది విడిగా చదువుకోవాల్సిన విద్య.

గుర్తింపు ఉన్న ట్రైనర్ సర్టిఫికెట్ ఒకటి, సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) శిక్షణ ఒకటి పూర్తి చేసి, ఇంకొకరి జిమ్‌లో ఒక ఏడాది జీతానికి పనిచేయమనండి. జనం ఏ నెలలో చేరతారో, ఏ నెలలో మానేస్తారో, పరికరాల రిపేరుకు ఎంతవుతుందో అక్కడ ఇంకొకరి డబ్బుతో తెలుస్తుంది. అప్పటికీ తెరుస్తానంటే తెరవనివ్వండి, కానీ పొదుపులో సగం మీ పేరున ఉంచుకుని.

ఇంకో మాట. ఆడే రోజుల్లో తిన్నంతే ఇప్పుడూ తింటుంటే ప్లేటు తగ్గించమనండి. మ్యాచ్‌లో పది కిలోమీటర్లు పరిగెత్తే మనిషి ఆకలి, పరుగు ఆపిన రోజే ఆగిపోదు.